చప్పిడి షేర్వ

మా నాయినకు అమ్మ చేతి వంట నచ్చదన్న సంగతి మా వాడకట్టంతటికీ తెలుసు. ఆయన దాన్ని దాచుకునే మనిషి కాదు. పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే, ముచ్చట్లకని ఇరుగుపొరుగు మగవాళ్లు వచ్చి గడప దగ్గర చేరేవాళ్లు. నాడె అటూ ఇటూ కొడుతూనే, "రాత్రి మా ఇంట్ల కూర తిన్న. నోరు ఇంకా ఏడుస్తాంది" అని వాళ్లకు చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వు గోడకు ఇవతల పొయ్యి దగ్గరున్న అమ్మకు వినపడాలనే అంత గట్టిగా చెప్పేవాడు. నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ అమ్మ ముఖం వైపు చూసేదాన్ని. ఆ ముఖంలో ఏమీ కనపడేది కాదు. పుల్లలు ఎగదోసి, పొగ ఊదుకుంటూ తన పని తాను చేసుకునేది.

నాయిన నాలుకను పాడుచేసింది నార్కట్‌పల్లి. నేసిన చీరలు మూట కట్టుకుని సావుకారుకు అప్పజెప్పడానికి వారం వారం అక్కడికి నడిచి వెళ్లేవాడు. బెజవాడ పోయే లారీలూ పట్నం పోయే లారీలూ ఆగే చోట రేకుల కప్పు కింద ఒక హోటల్ ఉండేది. అక్కడి షేర్వ, అంటే మాంసం కూరలోని మసాలా పులుసు, ఆయనకు ప్రాణం. ముక్కలు తక్కువ పడ్డా ఊరుకునేవాడు గానీ, షేర్వ తక్కువైతే గల్లా మీద కూర్చున్నవాడితో కొట్లాటే. నల్లబడేదాకా వేయించిన ఉల్లిగడ్డ, నూరిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి కుడుక, లవంగాల ఘాటు, పైన వేలెడు మందాన తేలే ఎర్రటి నూనె. ఇంటికి వచ్చాక కూడా చెయ్యి కడుక్కోకుండా పొద్దుగూకేదాకా వాసన చూసుకునే మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను.

ఒకసారి ఆ షేర్వను ఇత్తడి గిన్నెలో ఇంటికి పట్టుకొచ్చాడు. మేం తింటామని కాదు. చిట్యాలలో ఇచ్చిన మా మేనత్త ఆ రోజు మా ఇంట్లో ఉంది. నాయిన తల్లి అయితే ఎప్పుడూ ఉండేదే. అమ్మ తప్ప ఇంటిల్లిపాదీ, నాయినతో సహా, ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్లం. వాళ్లిద్దరూ చూస్తుండగా గిన్నెను తెచ్చి అమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు.

"నాకి సూడు. కూరంటే గిట్లుంటది. మీ తల్లిగారింట్ల ఎవ్వరన్న నేర్పిన్రా నీకు?"

అమ్మ వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. అవ్వ పడీ పడీ నవ్వింది. అమ్మ వేలు నోట్లోనే ఉంచుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోతోందని అనుకున్నాను, నాకు ఏడుపొచ్చింది. ఆమె సిగ్గుపడటం లేదని తర్వాత ఎప్పటికో తెలిసింది. ఏది ఎంత వేగింది, ఏది ఎప్పుడు పడింది అని నాలుకతో చదువుకుంటోంది. మా అమ్మ నాలుక ఒకసారి తగిలిన రుచిని మరిచిపోయేది కాదు, అవమానాన్నీ మరిచిపోయేది కాదు.

అమ్మా నాయినా నేరుగా మాట్లాడుకోవడం తక్కువ. మధ్యలో నేను ఉండాలి. పక్కపక్కనే ఉండి కూడా "మీ నాయినను తినమను", "మీ అమ్మను నీళ్లు తెమ్మను" అనేవాళ్లు. అయినా ఆయన తిని లేచాక అమ్మ ఆ పళ్లెంలోనే పెట్టుకుని తినేది. మొగుడు తిన్న పళ్లెంలో తినడం మా ఇళ్లలో ఆడవాళ్ల ఆనవాయితీ. కడుపునిండా తిట్టి లేచినవాడి ఎంగిలి పళ్లెం ముందు వంగి కూర్చుని, ఆయన వదిలేసిన రొట్టె ముక్కను ఆయన వదిలేసిన కూరలోనే అద్దుకుని తింటుంటే నాకు ఒళ్లు మండేది.

నేను చెప్పే సంగతులు అరవైలలో జరిగినవి. నాకు అప్పటికి ఓణీ ఇంకా వేయలేదు. ఆ ఎండాకాలం నాయిన పాదాలు ఉబ్బాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి, అది చాలాసేపటి దాకా నిండేది కాదు. మగ్గం కింద తొక్కే చెక్కల మీద పాదం ఆనేది కాదు. నాలుగు పోగులు నేసేసరికి ఆయాసం. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. వాపు మోకాళ్ల దాకా ఎక్కాక అమ్మ తన ముక్కుపుల్ల తీసి ఎవరి దగ్గరో కుదవపెట్టి, బస్సెక్కించి, నల్లగొండ దవాఖానకు తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను. వాళ్లిద్దరి మధ్య మాటలు మోయాలి కదా.

డాక్టరు ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, కాళ్లు నొక్కి చూశాడు, ఏం తింటావని అడిగాడు. నాయిన గర్వంగా హోటల్ షేర్వ సంగతి చెప్పాడు. డాక్టరు ఆయనతో మాట్లాడటం మానేసి అమ్మ వైపు తిరిగాడు.

"గుండె కమ్జోర్ అయింది. ఒంట్ల నీరు నిలుస్తున్నది. ఉప్పు బంద్. నూనె బంద్. హోటల్ బంద్. మాంసం కూడ బంద్. మందు నేనిస్త గని ఉప్పు లోపలికి పోతాంటే ఏ మందు పనిచెయ్యది. ఈయన బతుకుడు నీ చేతుల ఉన్నదమ్మా."

తిరుగు ప్రయాణంలో బస్సులో అమ్మ ఆ చివరి మాటే తలుచుకుంటూ కూర్చుందని నాకు తెలుసు. ఆమె చేతుల్లో ఎప్పుడూ ఏదీ లేదు. పెత్తనం అవ్వది, నోరు నాయినది. ఇప్పుడు ఏకంగా ఆయన ప్రాణమే వచ్చి ఆమె చేతుల్లో పడింది. ఆమె భయపడింది, నిజమే. కానీ ఆ భయం కింద కొంచెం సంతోషం కూడా ఉందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మొదటి రోజు ఉప్పు, నూనె రెండూ తీసేసి వంకాయ కూర వండింది. చూడటానికే ఉడకబెట్టిన గుడ్డపేలికల్లాగా ఉంది. నాయిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పళ్లెం ఎత్తి వాకిట్లోకి విసిరాడు.

"కోళ్లు గూడ ముట్టుతలెవ్ సూడు!" అని అరిచాడు. కోళ్లు ముట్టుతూనే ఉన్నాయి, పైగా కొట్లాడుకుంటున్నాయి. కానీ అది చెప్పే ధైర్యం ఎవరికుంది?

"గొడ్లకు పెట్టే కుడితిల గూడ ఉప్పేస్తరు. నా కొడుకు గొడ్డుకన్న కనాకష్టమయిండా?" అంది అవ్వ.

"డాక్టరు చెప్పిండత్తా."

"డాక్టరుకేంది. వానికి కన్నపేగా?"

రోజూ ఇదే భాగోతం. పెట్టిన పళ్లెం పెట్టినట్టే వాకిట్లో పడేది. ఒకసారి పళ్లెం బదులు నీళ్ల చెంబు విసిరాడు, అది అమ్మ మోచేతికి తగిలి నీలం గడ్డ కట్టింది. వారం తిరిగేసరికి నాయిన సగమయ్యాడు. తినకపోతే మందు వేసుకోవడానికి లేదు, వేసుకుంటే కడుపులో తిప్పేది. సావుకారు దగ్గరికి పోతానని బయల్దేరితే ఎక్కడికి పోతున్నాడో అందరికీ తెలుసు. అమ్మ దారికి అడ్డంగా గడపలో కూర్చుంది.

"మీ నాయినకు చెప్పు బిడ్డా. ఆ హోటల్ షేర్వనే ఇంట్ల వండిపెడ్త. నూనె లేకుంటనే, ఉప్పు లేకుంటనే. జర ఓపిక పట్టమను."

నాయిన నవ్విన నవ్వు నేను మరిచిపోలేదు. "మీ అమ్మ వండుతదట, నేను తింటనట" అన్నాడు. కానీ ఆ రోజు పోలేదు. గడప దాటాలంటే ఆమెను తొక్కుకుంటూ పోవాలి, అంత సత్తువ ఆయన కాళ్లలో లేదు.

అమ్మ అప్పుడు బయటికి తీసింది ఆ ఇత్తడి గిన్నెలో ముంచిన వేలి జ్ఞాపకాన్ని. హోటల్‌వాడు ఉల్లిగడ్డను నూనెలో ముంచి నల్లబరుస్తాడు. అమ్మ పొట్టు తీయకుండానే ఉల్లిగడ్డల్ని నిప్పుల్లో పూడ్చింది. పైపొర బొగ్గయ్యాక తీసి ఒలిస్తే లోపల మెత్తగా, తియ్యగా, గోధుమరంగులో ఉండేది. ఎల్లిగడ్డల్నీ అట్లాగే కాల్చింది. నువ్వులు, పల్లీలు, కుడుక ముక్కలు ఉత్త పెంక మీద వేయించి, రోట్లో వేసి, వాటి నూనె అవే విడిచేదాకా నూరింది. ఆ నూరుడుకు ఆమె భుజాలు, రెట్టలు పడిపోయేవి, నేను బండ అందుకుంటే నెట్టేసేది. అందులో మాంసం బదులు వంకాయలు వేసి ఉడికించింది. ఉప్పు లేని లోటు తెలియకుండా చింతపులుసు, పచ్చి మామిడికాయ ముక్క, దించేముందు నిమ్మరసం. అన్నీ వేసినా హోటల్ వాసన రాలేదు. రెండు రోజులు ఆలోచించి, చిన్న మట్టిగురిగిలో ఎర్రటి నిప్పుకణిక వేసి, దాని మీద లవంగాలు రాల్చి, కూరకుండలో పెట్టి మూత వేసింది. మూత తీసేసరికి నార్కట్‌పల్లి లారీ అడ్డా మా ఇంట్లోకి నడిచి వచ్చినట్టయింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

నాయిన వాటా చప్పిడిగా ఉంచి, మాకోసం వేరే కుండలోకి తీసి ఉప్పు వేసేది. కాబట్టి ఆ చప్పిడి షేర్వ రుచి వండిన అమ్మకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. వేలితో నాకి చూసి, కళ్లు మూసుకుని, మళ్లీ నాకింది. "అయింది" అని తనలో తనే అనుకుంది.

సరిగ్గా ఆ రోజే అవ్వ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. నెమ్మదిగా మాట్లాడింది. అవ్వ నెమ్మదిగా మాట్లాడటం నేను అంతకుముందు ఎరగను.

"ఇగ సూడు కోడలా. నువ్వు పెడితె వాడు ఇసురుతాండు. నువ్వంటే వానికి మంట. ఇయ్యాల్నుంచి నేనే పెడ్త. తల్లి పెడ్తే తినక సస్తడా? ఇంకొక మాట. వానిది రోగపు ఒళ్లు. వాని పళ్లెంల నువ్వు తినకు. నువ్వు గూడ పడితే ఇల్లేం గావాలె? పళ్లెం గూడ నేనే కడుక్కుంట."

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక అత్త నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట అదే. "గట్లనే అత్తా" అంది. పళ్లెంలో రొట్టె పెట్టి, షేర్వ పోసి, రెండు చేతులతో ఆమెకు అందించింది.

నాయిన తిన్నాడు. అమ్మా నేనూ ఊపిరి బిగబట్టి గోడవతల వింటున్నాం. పళ్లెం విసిరిన చప్పుడు రాలేదు. ఇంకో రొట్టె అడిగాడు. ఆ తర్వాత నన్ను పిలిచి, "మీ అమ్మకు చెప్పు. హోటల్ల గూడ గిట్లుండది" అన్నాడు. నేను ఉరుక్కుంటూ వచ్చి చెప్పాను. వినపడనట్టు మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇల్లు ఇల్లులాగా ఉంది. నాయిన మగ్గం దగ్గర చేరిన మగవాళ్లకు వేరే కథ చెప్పేవాడు. "మా ఇంటిదానికి చెయ్యి తిరిగింది. నూనె సుక్క లేదు, ఉప్పు గల్లు లేదు, అయినా నాలిక లొట్టలేస్తాంది." వాడకట్టు ఆడవాళ్లు వచ్చి, నిప్పుకణిక ఎట్లా పెట్టాలో అడిగి పోయేవాళ్లు. అమ్మ నడకే మారిపోయింది. మంచితనం వచ్చిందని అనుకోకండి, పొగరు వచ్చింది. ఇన్నేళ్లు పడినదంతా అవ్వ మీద వడ్డీతో తీర్చుకుంది.

"నీ చేతి కూర ఎన్నడన్న గట్ల నాకి నాకి తిన్నడా నీ కొడుకు?" అని అందరి ముందూ అడిగేది.

మామూలుగా అయితే అవ్వ చీపురు తిరగేసేది. ఇప్పుడు చిన్నగా నవ్వి, కొంగు సర్దుకుని అవతలికి పోయేది. ముసలిది లొంగిపోయిందని అమ్మ నాతో చెప్పి మురిసిపోయింది.

పస్తులున్న వారంలో తగ్గిన వాపు అప్పుడు తిరిగి వచ్చింది. మొదట పాదాలకు, తర్వాత పిక్కలకు, వానలు పడే నాటికి పొట్టకు. అమ్మకు మతి పోయింది. చింతపండు తగ్గించింది, పల్లీలు మానేసింది, నీళ్లు కొలిచి ఇవ్వసాగింది. వాపు తగ్గలేదు. మళ్లీ నల్లగొండ వెళ్లాం. డాక్టరు కాళ్లు నొక్కి చూసి, ముఖం చిట్లించాడు.

"ఉప్పు తింటున్నవా?"

"లేదు దొరా."

"ఏం పెడుతున్నవమ్మా?"

అమ్మ అంతా చెప్పింది, నిప్పుకణికతో సహా. డాక్టరు విని, మందుల చిట్టీ రాస్తూ తల ఎత్తకుండానే అన్నాడు. "ఒంట్లకు ఉప్పు పోకుంటే గిట్ల కాదు. మీ ఇంట్ల ఎవరో అబద్ధమాడుతున్నరు."

అమ్మ నాయిన వైపు చూసింది. ఆ చూపుతోనే తీర్పు అయిపోయింది. అబద్ధమాడేవాడు ఎవడో ఆమె ఇంకొకరిని అడగనక్కరలేదు. ఇంటికి వచ్చి డాక్టరు మాట అవ్వకూ చెప్పింది. అవ్వ వక్క కొరుకుతూ విని, "డాక్టరుకు సేతగాక మాట్లాడుతాండు" అని లేచిపోయింది.

అప్పట్నుంచి అమ్మ నాయిన మీద పడింది. ఇన్నేళ్లూ నా నోటితో మాట్లాడిన మనిషి ఇప్పుడు సూటిగా ఆయన ముఖం మీదనే మాట్లాడటం మొదలుపెట్టింది. "ఎంత తిన్నవ్ హోటల్ల? ఏం తిన్నవ్? నేను రెట్టలిరగ నూరుతాంటే నువ్వు రోడ్డు మీద నాకి వస్తాన్నవా?" చెప్పులు దాచింది. సావుకారు దగ్గరికి పోక తప్పని రోజున నన్ను వెనకాల పంపింది.

నేను వెళ్లాను. నాయిన నాలుగు అడుగులకు ఒకసారి ఆగుతూ, మూట కిందపెట్టి రొప్పుతూ నడిచాడు. సావుకారు పని అయ్యాక హోటల్ ఎదురుగా, రోడ్డుకు ఇవతల, మైలురాయి మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. హోటల్‌లో లారీవాళ్లు తింటున్నారు. గల్లా మీదున్నవాడు చెయ్యి ఊపి రమ్మని పిలిచాడు. నాయిన తల అడ్డంగా ఊపి, లేచి, ఇంటి దారి పట్టాడు. నేను ఉన్నది ఉన్నట్టు అమ్మకు చెప్పాను.

చెంప పగిలింది. "నిన్ను గూడ మిఠాయి పెట్టి కొన్నడా?" అంది.

ఆ సాయంత్రం నాయిన మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. మా కులంలో అంతకు మించిన ఒట్టు లేదు. పిల్లల మీద వేసిన ఒట్టు తప్పినవాళ్లున్నారు గానీ, మగ్గం మీద వేసి తప్పినవాణ్ని నేను వినలేదు. "పోలేదే. గీ మగ్గం మీద ఒట్టు, పోలేదు. నీ చేతి కూరనే తింటాన్న" అన్నాడు. పళ్లేలు విసిరిన ఆ చెయ్యిని పడుగు దారాల మీద నుంచి తీయలేదు.

అమ్మ ఆయన వైపు తిరగలేదు కూడా. "మగ్గం గూడ నీ లెక్కనే అబద్ధాలాడుతది" అంది.

ఆ మాట విన్న అవ్వ అక్కడే, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. కొంగు ముడి బిగించుకుని లోపలికి పోయింది.

నాయిన ఇంకెన్నాళ్లో లేడు. చివరి రోజు మధ్యాహ్నం అవ్వ తినిపించింది, నాలుగు ముద్దలు తిన్నాడు. నన్ను దగ్గరికి రమ్మని, "ఇయ్యాల గూడ మంచిగ వండిందని చెప్పు మీ అమ్మకు" అన్నాడు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది, అమ్మ ద్వారబంధం దగ్గరే నిలబడి ఉంది.

"హోటల్ కన్న మంచిగున్నదా అని అడుగు" అంది.

నాయిన కళ్లు మూసుకున్నాడు. కొంచెంసేపటికి ఆయన ఊపిరి చప్పుడు వినపడటం లేదని నేనే మొదట గమనించాను.

మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, కాటి దగ్గర విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టితే వాళ్లు తృప్తి పడ్డట్టు. అమ్మ పొద్దున్నే లేచి, ఉల్లిగడ్డలు నిప్పుల్లో పూడ్చి, ఆ షేర్వే వండింది. ఉప్పు వేయలేదు. బతికున్నప్పుడు ఏది తిన్నాడో అదే పెట్టాలని ఆమె పట్టుదల. అవ్వ మాత్రం ఒక బంధువును పంపి, నార్కట్‌పల్లి హోటల్ నుంచి మాంసం కూర తెప్పించింది. విస్తరిలో రెండూ పక్కపక్కన పెట్టారు. కాకి వాలి, మాంసం ముక్క పొడుచుకుని ఎగిరిపోయింది. మాంసం కనపడుతుంటే వంకాయను ఏ కాకి ముడుతుంది? కానీ చుట్టాలందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవ్వ తల ఎత్తుకుని ముందు నడిచింది. అమ్మ తల వంచుకుని వెనకాల నడిచింది.

ఇంటికి వచ్చి స్నానాలు చేసి, వాకిట్లో అందరూ కూర్చున్నాక, మేనత్త అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. మంచి మనసుతోనే వేసింది.

"ఏడ్వకు వదినె. ఆఖరికి నీ చేతి కూరనే కమ్మగ తిని పోయిండు మా అన్న. గంతకన్న ఏం గావాలె నీకు?"

అవ్వ తట్టుకోలేకపోయింది. ఇన్ని నెలల నుంచి మింగుతున్న మాట, కొడుకును కాల్చి వచ్చిన దుఃఖంతో కలిసి బయటపడింది.

"దాని చేతి కూరనా? దాని చేతుల ఏమున్నదే? ఉప్పు లేని కూడు ఎవడన్న తింటడా? నేను కలిపిన ఉప్పు! నేను కలిపిన గనుక నా కొడుకు ఆకలితోని సావలే!" కొంగు ముడి విప్పి అందరికీ చూపించింది. పిండిలాగా మెత్తగా నూరిన ఉప్పు.

అమ్మ కన్నీళ్లు తుడుచుకుని, చాలా మామూలు గొంతుతో అడిగింది.

"ఎప్పటిసంది?"

"నేను పెట్టవట్టినకాడి సంది."

"మెచ్చుకున్ననాడు గూడనా?"

"గా నాడే షురూ చేసిన. కాళ్లు ఉబ్బినంక ఇంకింత ఏసిన, బలం రావాలెనని. చిటికెడు ఉప్పుకు మనుషులు సస్తరా?"

"ఆయనకు తెల్సా?"

"వానికెందుకు చెప్త? నీకు చెయ్యి తిరిగిందనుకున్నడు పిచ్చోడు."

అమ్మ నా వైపు తిరిగింది. ఆమె అడగకముందే నేను చెప్పాను. "నాయిన హోటల్ లోపలికి పోలేదమ్మా. రోడ్డు ఇవతలనే కూసున్నడు." ఆమె అవునన్నట్టు తల ఊపింది. మగ్గం వైపు ఒకసారి చూసింది. ఆయన వేసిన ఒట్టును ఎట్లా కొట్టిపారేసిందో అప్పుడు ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. ఆ ముఖాన్ని నేను చూడలేకపోయాను. అవ్వ మీద నాకు కోపం వచ్చింది, అమ్మ మీద వచ్చింది, చచ్చిపోయిన నాయిన మీద కూడా వచ్చింది. ముగ్గురూ కలిసి ఒక్కరోజైనా ఒకే గిన్నెలోంచి తిని ఉంటే ఆయన బతికేవాడు.

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. పళ్లెంలో రొట్టె, ఆ పొద్దున వండిన షేర్వ పోసుకుని వచ్చి, అవ్వ ముందు పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"తిను."

"నాకొద్దు. నాకేం సయిస్తలేదు."

"తిను అత్తా."

చుట్టాల్లో ఎవరూ కదలలేదు. అవ్వ చెయ్యి తనంతట తానే కొంగు ముడి వైపు వెళ్లింది. అమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది, తీసుకుపోయి పళ్లెంలో పెట్టింది. అవ్వ రొట్టె తుంచి, షేర్వలో అద్ది, వాంతి చేసుకోబోయేదానిలాగా మొహం పెట్టి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నములుతూ నములుతూ ఆగిపోయింది. రెండో ముక్క తుంచడానికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మూడో ముక్కకు ఆమె కళ్లు పళ్లెం మీద నుంచి లేవలేదు.

"ఎట్లున్నది?" అంది అమ్మ.

అవ్వ ఇంకో ముక్క తుంచింది.

"అడుగుతాన్న. ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది" అంది అవ్వ.

"ఉప్పు కలిపేముందు ఒక్కనాడన్న నోట్లె పెట్టుకొని సూస్తివా?"

అవ్వ తల అడ్డంగా ఊపింది. వేళ్ల మధ్య నుంచి షేర్వ కారుతోంది. ఇక లేద్దామన్నట్టు పళ్లెం పక్కకు జరపబోయింది. అమ్మ ఆ పళ్లేన్ని మళ్లీ ఆమె ముందుకు లాగింది. కుండ ఎత్తుకొచ్చి, మిగిలిన షేర్వంతా అందులో ఒంపింది.

"అయితే ఇంకింత తిను" అంది.